పదకొండో పోర్టు అవతలి గది

2023 వానాకాలం సంగతి ఇది. వికారాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నెట్‌వర్క్ పని చూసే ఉద్యోగం నాది. ఆసుపత్రి పేరు చెప్పను, ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నాను. దానికి తాండూరులో ఒక చిన్న బ్రాంచి ఉంది. అక్కడ మంచాలు లేవు. డాక్టర్లు వారానికి రెండు మూడు రోజులు వచ్చి చూసే ఓపీ గదులు, రక్తం తీసే కౌంటరు, ఒక మందుల షాపు, అంతే. రెండు ఊళ్లలోని కంప్యూటర్లు, ప్రింటర్లు, కెమెరాలు అన్నీ కలిపితే రెండు వందలు దాటుతాయి. వాటిలో ఏది ఆగినా ముందు మోగేది నా ఫోనే.

ఏం పని చేస్తావని చాలామంది అడుగుతుంటారు. బొంరాస్‌పేటలో మా అమ్మ మాత్రం అడిగినవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పేస్తుంది: "మా రజిత వైర్లు చూస్తది." తప్పేమీ లేదు. మా పనిలో సగం వైర్లే. ఒక్కో అంతస్తులో ఒక ఇనుప బీరువా ఉంటుంది, అందులో స్విచ్ అనే పెట్టె. ఆ పెట్టెకు వరసగా ఇరవై నాలుగు రంధ్రాలు. ఒక్కో రంధ్రాన్ని పోర్టు అంటాం. ఒక్కో పోర్టు నుంచి ఒక్కో వైరు గోడలోంచి, సీలింగ్ మీద నుంచి పోయి ఎక్కడో ఒక గదిలో ఒక కంప్యూటర్ దగ్గర తేలుతుంది. ఎక్కడ తేలుతుందో తెలుసుకోవడమే అసలు కష్టం.

ఈ కథ అర్థం కావాలంటే రెండు నెంబర్ల గురించి చెప్పాలి. ఒకటి ఐపీ అడ్రస్. ఓపీలో టోకెన్ ఇచ్చినట్టు, కంప్యూటర్ ఆన్ కాగానే ఒక సర్వర్ దానికి ఇచ్చే నెంబర్ అది. ఇవాళ మీకొచ్చిన టోకెన్ రేపు ఇంకొకరికి రావచ్చు. రెండోది మ్యాక్ అడ్రస్. కంప్యూటర్ తయారైనప్పుడే లోపల వేసిన, అంకెలూ అక్షరాలూ కలిసిన నెంబర్, మామూలుగా అది మారదు. మనిషికి టోకెన్ వేరు, వేలిముద్ర వేరు కదా, అట్లాగే.

నేను చేరిన తొలి రోజుల్లో, గదిగదికీ తిరిగి ఏ సీటు దగ్గర ఏ ఐపీ ఉందో ఒక లిస్టు రాసుకున్నాను. నాలుగు పేజీలు. అప్పటికి అది సరైనదే. తర్వాత నెంబర్లు పంచే సర్వర్ పాడైతే కొత్తది పెట్టాం. దాంతో చాలా నెంబర్లు మారిపోయాయి. మళ్లీ తిరిగి లిస్టు రాయాలి. రాద్దాం, రాద్దాం అనుకుంటూనే వాయిదా వేశాను. మూడేళ్ల కింద రాసిన ఆ పాత నాలుగు పేజీలే నా టేబుల్ మీద అద్దం కింద ఉండిపోయాయి.

ఒక సోమవారం అనిత అనే ఆమె కాన్పు కోసం వచ్చింది. ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. రక్తం ఒక యూనిట్ సిద్ధంగా పెట్టుకోమన్నారు. కంప్యూటర్‌లో ఆమె గ్రూపు బి పాజిటివ్ అని ఉంది. రక్తం ఎక్కించే ముందు పేషెంట్ రక్తాన్నీ ఆ యూనిట్ రక్తాన్నీ కలిపి చూసే పరీక్ష ఒకటి ఉంటుంది. ఆ పరీక్షలో కలవలేదు. మళ్లీ గ్రూపు చూస్తే ఓ పాజిటివ్. వేరే యూనిట్ తెప్పించేసరికి అరగంట పట్టింది. దేవుడి దయవల్ల ఆ అరగంటలో ఏమీ కాలేదు. తల్లీ బిడ్డా క్షేమం. కానీ ఆ అరగంట ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నవాళ్లందరూ వణికిపోయారు.

తప్పు ఎవరు చేశారన్న ప్రశ్న ఆ సాయంత్రమే మొదలైంది. సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడు ఏం మారిందో నమోదవుతుంది. అంతకుముందు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నలభైకి అనిత గ్రూపు 'ఓ' నుంచి 'బి'కి మారింది. మార్చిన లాగిన్ పేరు: ల్యాబ్. అది ల్యాబ్‌లో అందరూ వాడే ఉమ్మడి లాగిన్, కాబట్టి దాంతో మనిషి తేలడు. దాని పక్కనే ఐపీ అడ్రస్ ఉంది. చివర ఎనభై ఏడు.

మంగళవారం పొద్దున మేనేజర్ సార్ ఫోన్ చేశాడు.

"రజితా, చివర ఎనభై ఏడు ఉన్నది ఏ కంప్యూటర్?"

నేను అద్దం కింది కాగితం మీద వేలు పెట్టి కిందికి జరిపాను. "ల్యాబ్, రెండో కౌంటర్ సార్."

"ఆ పేజీ ప్రింట్ తీసి, సంతకం పెట్టి పంపు."

పంపాను. మొత్తం కలిపి రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. తర్వాత ఆ సంగతే మర్చిపోయి, మెడికల్ షాపులో ప్రింటర్ ఆగిందంటే అక్కడికి పోయాను.

ల్యాబ్ రెండో కౌంటర్‌లో కూర్చునేది ఎస్తేరు. ల్యాబ్ టెక్నీషియన్. మోమిన్‌పేట్ నుంచి రోజూ బస్సులో వస్తుంది. తల్లిదండ్రులు కూలిపని చేసి చదివించారు. ఎనిమిదేళ్ల సర్వీసు, ఇద్దరు ఆడపిల్లలు. ఆ శుక్రవారం ఆ వేళకు కౌంటర్‌లో ఉన్నది ఆమె ఒక్కతే అని డ్యూటీ చార్టు చెప్తోంది. మంగళవారం మధ్యాహ్నం ఆమెకు నోటీసు ఇచ్చి, శనివారం ఎంక్వైరీ దాకా ల్యాబ్‌లో అడుగు పెట్టొద్దన్నారు. ఎంక్వైరీకి ముగ్గురు: మేనేజర్, నర్సింగ్ ఇన్‌ఛార్జి, అనితకు ఆపరేషన్ చేసిన గైనిక్ డాక్టరమ్మ.

బుధవారం పొద్దున నేను పోయేసరికే ఎస్తేరు నా గది ముందు నిలబడి ఉంది. నా గది మెట్ల కింద ఉంటుంది. కుర్చీ జరిపి కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"అక్కా, గా ఎనభై ఏడు నెంబర్ నా కంప్యూటర్‌దే అని ఎట్ల తెలిసింది?"

"లిస్టుల ఉంది ఎస్తేరు."

"లిస్టు ఎప్పటిది?"

నేను లెక్కపెట్టుకున్నాను. "మూడేండ్లయితది."

ఆమె నిదానంగానే అడిగింది. "మా దగ్గర ట్యూబు మీద పేరొక్కటే చూసి రిపోర్ట్ ఇయ్యమక్కా. పేరు చూస్తం, ఐడీ చూస్తం, మల్ల స్లిప్పుతోని కలిపి చూస్తం. నువ్వు నా కంప్యూటర్ దగ్గరికొచ్చి చూసినవా?"

నేను అద్దం కింది కాగితం వైపు చూశాను.

"నేను గా అనితమ్మ పేజీ ఆ రోజు తెరవనే లేదు. ఉద్యోగం పోతే పోయె. గని బ్లడ్ గ్రూపు తప్పు కొట్టిందని పేరొస్తే, రేపు ఏ ల్యాబోళ్లు రానిస్తరు నన్ను?" అంది. కళ్లు తుడుచుకోలేదు, గొంతు పెంచలేదు. "జర చూడక్కా" అని వెళ్లిపోయింది.

ఆమె మెట్ల మలుపు దాటకముందే నేను లేచాను. ముందు నెంబర్లు పంచే సర్వర్ తెరిచాను. అది ఎవరికి ఏ నెంబర్ ఎప్పుడు ఇచ్చిందో తేదీలతో సహా రాసిపెట్టుకుంటుంది. ఆ శుక్రవారం పన్నెండు నలభైకి ఎనభై ఏడు ఎవరి దగ్గర ఉందో చూశాను. ఒక మ్యాక్ అడ్రస్ వచ్చింది. దాన్ని అరచేతిలో పెన్నుతో రాసుకుని ల్యాబ్‌కు పోయి, రెండో కౌంటర్ కంప్యూటర్ మ్యాక్ అడ్రస్ తెరిచి చూశాను.

ఒక్క అక్షరం కూడా కలవలేదు.

అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. సంతోషం, సిగ్గు రెండూ ఒకేసారి వచ్చాయి. ఈ పని మంగళవారం చేసి ఉంటే పది నిమిషాలు పట్టేది.

పరుగున మేనేజర్ సార్ దగ్గరికి పోయి చెప్పాను. ఆయన విన్నాడు, కోప్పడలేదు. కానీ ఆయన అడిగిన దానికి నేను తల దించుకోవాల్సి వచ్చింది.

"నిన్న నువ్వే సంతకం పెట్టి ల్యాబ్ అన్నవ్. ఇయ్యాల కాదంటున్నవ్. సరే, మరి ఎవరిది?"

"తెలియదు సార్. ఆ మ్యాక్ అడ్రస్ ఉన్న కంప్యూటర్ ఎక్కడుందో చూడాలె."

"ఆ అమ్మాయి పొద్దున నీ దగ్గరికొచ్చిందట గదా? శనివారం కమిటీల అదే అడుగుతరు. దోస్తును కాపాడనీకి మాట మార్చినవంటరు. అసలు కంప్యూటర్ ఏదో పట్టుకొచ్చి చూపియ్యి, అప్పుడు మాట్లాడుదం."

ఆయన మాటలో తప్పు లేదు. ఒకసారి చూడకుండా చెప్పినదాన్ని రెండోసారి ఎందుకు నమ్మాలి?

ఒక మ్యాక్ అడ్రస్ ఏ పోర్టు వెనక ఉందో స్విచ్‌కు తెలుసు. తన ఏ రంధ్రంలోంచి ఏ మ్యాక్ మాట్లాడుతోందో అది ఒక పట్టికలో ఉంచుకుంటుంది. మనం లోపలికి పోయి అడిగితే చూపిస్తుంది. వికారాబాద్‌లో మాకు పదకొండు స్విచ్‌లు. ఒక్కోదాంట్లోకి పోయి, అడిగి, వందల లైన్లలో ఒక నెంబర్ వెతకడం చేత్తో చేసే పని కాదు. పైగా ఆ పట్టిక నిలవ ఉండదు. కంప్యూటర్ ఆఫ్ చేస్తే ఐదు నిమిషాల్లో దాని పేరు చెరిగిపోతుంది. అది మాట్లాడుతున్నప్పుడే పట్టుకోవాలి.

అందుకని ఒక స్క్రిప్టు రాయాలనుకున్నాను. స్క్రిప్టు అంటే మనం చేసే పనిని వరసగా రాసి కంప్యూటర్‌కు అప్పగించడం. నేను ప్రోగ్రాములు రాసే చదువు చదవలేదు, డిప్లొమా చేసి వచ్చినదాన్ని. ఫోన్‌లో వీడియోలు చూసి కొంత నేర్చుకున్నాను. బుధవారమంతా దానితోనే కుస్తీ. మా స్విచ్‌లు రెండు కంపెనీలవి. ఒకటి మ్యాక్ అడ్రస్‌లో రెండేసి అక్షరాలకొకసారి నిలువుగా రెండు చుక్కలు పెడుతుంది, ఇంకొకటి నాలుగేసి అక్షరాలకు ఒక చుక్క పెడుతుంది. మనకు రెండూ ఒకటే అని తెలుస్తుంది, స్క్రిప్టుకు తెలియదు. ఆ చుక్కలన్నీ తీసేసి ఒకే తీరుగా మార్చేలా రాయడానికే మధ్యాహ్నం అయింది.

తొలిసారి నడిపితే గందరగోళం. ఒక్కో కంప్యూటర్ ఏడెనిమిది చోట్ల ఉన్నట్టు చూపించింది. కాసేపటికి గానీ అర్థం కాలేదు. ఒక స్విచ్ నుంచి ఇంకో స్విచ్‌కు కలిపే పోర్టులు కొన్ని ఉంటాయి, వాటిని అప్‌లింక్ అంటాం. అవి గదికి పోవు, పక్క స్విచ్‌కు పోతాయి. ఆ దారిలో వెళ్లే ప్రతి కంప్యూటర్ పేరూ ఆ పోర్టు మీద కనిపిస్తుంది. వాటిని పక్కన పెట్టమని రాశాక పట్టిక శుభ్రమైంది. ప్రతి మ్యాక్‌కు ఒక స్విచ్, ఒక పోర్టు. మూడేళ్ల ఉద్యోగంలో మా ఆసుపత్రి మొత్తం ఒక్క కాగితం మీద నిజంగా కనిపించడం అదే మొదటిసారి.

నాకు కావలసిన మ్యాక్ మాత్రం అందులో లేదు.

ఐదు నిమిషాలకొకసారి తనంతట తనే నడిచేలా పెట్టాను. గురువారం పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా ఆ తెర ముందే కూర్చున్నాను. ప్రతి ఐదు నిమిషాలకూ అదే మాట: దొరకలేదు. ఆ కంప్యూటర్‌ను ఎవరైనా దాచేశారా? పాడైపోయి స్టోర్ రూమ్‌లో పడి ఉందా? అయితే ఇక ఎప్పటికీ ఆన్ కాదు. మధ్యలో ఎస్తేరు ఒకసారి ఫోన్ చేసింది. "ఏమన్న తెలిసిందా అక్కా?" అంది. "ఇంకా చూస్తున్న" అన్నాను. "సరే" అని పెట్టేసింది.

శుక్రవారం పదకొండు దాటి ఐదు నిమిషాలకు తెర మీద ఒక లైను మారింది.

దొరికింది. కానీ గది పోర్టు మీద కాదు, పక్కన పెట్టిన పోర్టుల్లో. మొదటి స్విచ్, ఇరవై నాలుగో పోర్టు. ఆ ఇరవై నాలుగు నుంచి బయలుదేరే వైరు, అద్దెకు తీసుకున్న లీజు లైను మీదుగా తాండూరు పోతుంది. మా ముందు పనిచేసిన కాంట్రాక్టరు రెండు ఊళ్లనూ ఒకే నెట్‌వర్క్‌గా కలిపి పెట్టాడు. రెండు రోజులుగా నేను వికారాబాద్ స్విచ్‌లను మాత్రమే అడుగుతున్నాను. తాండూరులో మూడు స్విచ్‌లున్న సంగతి నాకు తెలుసు, ల్యాబ్ సంగతి కదా అని వాటిని లిస్టులోనే వేయలేదు. వెంటనే ఆ మూడూ కలిపి మళ్లీ నడిపాను.

తాండూరు, రెండో స్విచ్, పదకొండో పోర్టు.

తాండూరు బ్రాంచికి ఫోన్ చేస్తే కమలమ్మ ఎత్తింది. ఆమె అక్కడి ఆయా. ఊరు కర్ణాటక సరిహద్దు పక్కన, మాటల్లో అప్పుడప్పుడు కన్నడం దొర్లుతుంది. పదకొండో పోర్టు వైరు ఏ గదికి పోయిందో చూడగలవా అని అడిగాను.

"గా డబ్బా మీద లైట్లు మిణుకు మిణుకు అంటయి మేడం, నెంబర్లు గింబర్లు నాకు గొత్తిల్ల, తెల్వది. మీరే రాండ్రి."

ల్యాప్‌టాప్ తీసుకుని బస్సెక్కాను. ఫోన్‌లో స్క్రిప్టు నడుస్తూనే ఉంది, ప్రతి ఐదు నిమిషాలకూ ఆ లైను ఉందా పోయిందా అని చూస్తూ కూర్చున్నాను. తాండూరు చేరేసరికి పన్నెండున్నర అయింది. నాపరాళ్ల లారీల మధ్యలోంచి ఆటోలో బ్రాంచికి పోయాను. స్విచ్ పెట్టె హాలు మూలన, తల ఎత్తులో ఉంది. పదకొండో పోర్టు వైరుకు ఒకప్పుడు చీటీ అంటించిన జిగురు గుర్తు ఉంది, చీటీ లేదు. వైరు సీలింగ్‌లోకి పోయి మిగతా వైర్లలో కలిసిపోయింది.

అక్కడ పేషెంట్లకు పెట్టే మెషీన్లేవీ నెట్‌వర్క్ మీద లేవని నాకు తెలుసు. అయినా కమలమ్మను అడిగి ఇంకోసారి రూఢి చేసుకున్నాను. తర్వాత ల్యాప్‌టాప్‌లోంచి ఆ ఒక్క పోర్టును ఆపాను. ఎవరి గదిలో నెట్ పోతే వాళ్లే పిలుస్తారని నా ఆలోచన. అర నిమిషం పట్టిందేమో.

"కమలమ్మా! గీ కంప్యూటర్ మల్ల ఆగింది, జర చూడు!"

ఆ గొంతు నాకు తెలుసు. రెండో గది తలుపు మీద బోర్డు చదవనక్కర్లేదు. గైనిక్ డాక్టరమ్మ. మంగళవారం, శుక్రవారం ఆమె తాండూరులో కూర్చుంటుంది. రేపటి ఎంక్వైరీలో ఎస్తేరును ప్రశ్నలు అడగబోయే ముగ్గురిలో ఒకామె.

పోర్టు మళ్లీ ఆన్ చేశాను. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న డాక్టరు. సోమవారం ఆపరేషన్ థియేటర్ బయట "నా పేషెంట్ టేబుల్ మీద పండి ఉంటే మీరు గ్రూపులు తప్పులు కొడతరా" అని అందరి ముందూ అరిచింది కూడా ఆమే. ఇప్పుడు నేను పోయి ఏమని చెప్పాలి?

తలుపు తట్టాను. ఆమె తలెత్తి ఆశ్చర్యపోయింది. "రజితా? ఆగిన రెండు నిమిషాలకే వికారాబాద్ నుంచి వచ్చినవా?"

"మేడం, మీతోని ఒక విషయం మాట్లాడాలె. అనిత బ్లడ్ గ్రూపు గురించి."

ఆమె ముఖంలో నవ్వు పోయింది. బయట వరుసను చూసింది. "ఇంకా తొమ్మిది మంది ఉన్నరు. అయ్యేదాకా కూసో."

గంట సేపు గర్భిణుల మధ్య బెంచీ మీద కూర్చున్నాను. చెప్పాల్సిన మాటలు మనసులో పదిసార్లు మార్చుకున్నాను. చివరి ఆమె బయటికి వచ్చాక లోపలికి పోయి, ల్యాప్‌టాప్ ఆమె ముందు పెట్టి, మొదటినుంచి చెప్పాను. నా లిస్టు తప్పని, నేను చూడకుండా చెప్పానని ముందే ఒప్పుకున్నాను. తర్వాత ఆ శుక్రవారం పన్నెండు నలభైకి మార్పు జరిగింది ఈ టేబుల్ మీదున్న కంప్యూటర్ నుంచే అని చెప్పాను.

ఆమె కంప్యూటర్ వైపు తిరిగి, తెర పైన కుడి మూల చూసింది. అక్కడ చిన్న అక్షరాల్లో ల్యాబ్ అని ఉంది.

"ఇది రోజు చూస్తున్న నేను. ల్యాబ్ రిపోర్టుల పేజీ గదా, అందుకే అట్ల ఉందనుకున్న. తెరిస్తే పాస్‌వర్డ్ గూడ అడగది."

అప్పుడు నాకు అంతా అర్థమైంది. ఎండాకాలంలో ల్యాబ్‌కు కొత్త కంప్యూటర్ వచ్చినప్పుడు పాతదాన్ని స్టోర్ వాళ్లు తాండూరు పంపించారు. అందులో ల్యాబ్ లాగిన్, పాస్‌వర్డ్ గుర్తుండిపోయాయి. తుడిచి పంపాల్సిన పని నాది. పంపుతున్నట్టు నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

డాక్టరమ్మ సొరుగులోంచి తన ఓపీ రిజిస్టర్ తీసింది. ఆమె ఇప్పటికీ ప్రతి పేషెంట్ పేరూ చేత్తో రాసుకుంటుంది. ఆ శుక్రవారం పేజీ తీసి, వేలితో కిందికి పోతూ ఒక చోట ఆగింది. వరుసగా రెండు లైన్లు. అనిత, కొడంగల్. దాని కింద అనిత, బషీరాబాద్.

"ఈ రెండో ఆమె కర్ణాటకల ఆసుపత్రికి పోయి గ్రూపు చూపిచ్చుకున్న కార్డు తెచ్చింది. బి పాజిటివ్. కంప్యూటర్ల ఎక్కియ్యమని అడిగింది." ఆమె గొంతు తగ్గింది. "రెండో అనిత పేజీ తెరువు."

తెరిచాను. బ్లడ్ గ్రూపు ఉండాల్సిన చోట ఖాళీ.

"నేనే కొట్టిన" అంది డాక్టరమ్మ. "ఈమెది ఆమె పేజీల కొట్టిన. నా పేషెంట్‌కు నేనే."

కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది. కమలమ్మ టీ తెచ్చి, మమ్మల్ని చూసి, కప్పులు పెట్టి చప్పుడు కాకుండా పోయింది. కాసేపటికి డాక్టరమ్మ ఫోన్ తీసి మేనేజర్ సార్‌కు కలిపింది. నా ఎదుటే మాట్లాడింది.

"సార్, ఆ ల్యాబ్ అమ్మాయిది ఏం తప్పు లేదు. తప్పు నాది. రేపు కమిటీల నేను అడిగే కుర్చీల కాదు, జవాబు చెప్పే కుర్చీల కూసుంట. ఆమెకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పుండ్రి." కాస్త ఆగి, "వద్దు, రజిత చెప్తది" అంది.

పోయేముందు బషీరాబాద్ అనితకు ఫోన్ చేయించి, మంగళవారం వచ్చి మళ్లీ గ్రూపు పరీక్ష చేయించుకోమని చెప్పించింది. ఆ ఖాళీ అట్లాగే ఉండిపోయి ఉంటే ఆమె కాన్పుకు ఏమయ్యేదో అని నాకు అప్పుడు గానీ తట్టలేదు.

తాండూరు బస్టాండ్‌లో వాన మొదలైంది. షెడ్డు కింద నిలబడి ఎస్తేరుకు ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది.

"దొరికింది ఎస్తేరు. నీ కంప్యూటర్ కాదు. తాండూర్ల ఉంది. కొట్టినవాళ్లు ఒప్పుకున్నరు. సార్‌కు గూడ చెప్పిన్రు."

ఫోన్ పక్కకు పెట్టేసినట్టుంది, ఆమె గొంతు దూరంగా వినిపించింది: "అమ్మా, ఓ అమ్మా, నాది కాదని తేలిందే!" ఎవరో పెద్దావిడ ప్రభువా అంటూ ఏడుస్తోంది. పిల్లలు ఏమైందే, ఏమైందే అని అడుగుతున్నారు. బస్టాండ్‌లో అంతమంది మధ్య నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. బుధవారం నుంచి గుండె మీద పెట్టిన బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది.

ఆమె మళ్లీ లైన్లోకి వచ్చాక, చెప్పాల్సిన మాట చెప్పాను. "ఎస్తేరు, ఆ నెంబర్ నీదని రాసిచ్చింది నేనే. చూడకుండ సంతకం పెట్టిన."

"తెలుసక్కా" అంది. "నోటీసుతోని గా కాగితం గూడ చూపిచ్చిన్రు. కింద నీ సంతకం ఉండె."

"మరి ఆ రోజు ఒక్క మాట అనకపోతివి?"

"అంటే ఏమొస్తది? తప్పు రాసిన కాడ్నే సరి చేయించుకోవాలె. గందుకే నీ దగ్గరికొచ్చిన."

శనివారం కమిటీ కూర్చుంది, డాక్టరమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. నేనూ నా తప్పు రాతపూర్వకంగా ఇచ్చాను. మేనేజర్ సార్ నాకు గట్టిగానే చీవాట్లు పెట్టాడు, పడ్డాను. సోమవారం నుంచి డ్యూటీకి రమ్మని ఎస్తేరుకు నోటితో చెబితే ఆమె ఒప్పుకోలేదు. "నోటీసు కాగితం మీద ఇచ్చిన్రు గదా సార్, ఇది గూడ కాగితం మీదనే ఇయ్యుండ్రి" అంది. అదే రోజు ఇచ్చారు. ల్యాబ్‌లో ఉమ్మడి లాగిన్ తీసేసి ఎవరిది వాళ్లకు ఇచ్చాం. నాతో ఎస్తేరు పది రోజులు ముక్తసరిగానే మాట్లాడింది. అది ఆమె హక్కు. తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బాతో మెట్ల కింది గదికి వచ్చింది. ఆ స్క్రిప్టు ఎట్లా పనిచేస్తుందో చూపించమంది. చూపించాను. చుక్కలు తీసేసి నెంబర్లు కలిపే చోట ఆగి, "రెండు దిక్కుల కలిపి చూసుడే గదా, మేం చేసేది గూడ గదే" అంది.

ఈ పనిలో చేరేవాళ్లు నన్ను అడిగితే ఈ కేసే చెప్తాను. స్విచ్ అబద్ధం చెప్పదు, కానీ అది చెప్పేది పోర్టు దాకానే. ఆ పోర్టు అవతల ఏ గది ఉందో, ఆ గదిలో కుర్చీలో ఎవరు కూర్చున్నారో, వాళ్ల ముందు ఆ రోజు ఎంతమంది పేషెంట్లు ఉన్నారో దానికి తెలియదు. అది తెలుసుకోవాలంటే మనిషి లేచి పోవాల్సిందే. పోయేదాకా "ఇంకా తెలియదు" అనడంలో చిన్నతనం ఏమీ లేదు. ఆ ఒక్క మాట నేను మంగళవారం అని ఉంటే, ఒక ఇంట్లో నాలుగు రోజులు పొయ్యి వెలిగించే మనసు లేకుండా గడిచేవి కావు.

ఆ స్క్రిప్టు ఇప్పుడు పది నిమిషాలకొకసారి పద్నాలుగు స్విచ్‌లనూ అడిగి, ఏ కంప్యూటర్ ఎక్కడుందో రాసి దాచిపెడుతుంది. పట్టిక చివర నేను ఒక గడి పెంచాను: కళ్లతో చూసిన తేదీ. దాన్ని స్క్రిప్టు నింపదు, నేనే పోయి చూసి వచ్చి నింపాలి. ఆరు నెలలు దాటితే ఆ లైను ఎర్రగా మారుతుంది. ఈ పొద్దున తెరిచి చూస్తే పదిహేడు లైన్లు ఎర్రగా ఉన్నాయి. టార్చి తీసుకుని, రెండో అంతస్తు నుంచి మొదలుపెట్టాను.